పక్షవాతం వచ్చిన మొదటి రోజు హకీం దగ్గరకు రాకండి



ఒక హకీం తన వ్యాసానికి ఇలాంటి పేరు పెట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ మన ఇళ్ళలో ఫాలిజ్ అని, ఊళ్ళో అందరూ పక్షవాతం అని పిలిచే ఈ జబ్బు విషయంలో ఆ మాట సూటిగా చెప్పక తప్పదు. పావగడ, వై.ఎన్. హొసకోటె, తిరుమణి, నాగలమడికె చుట్టుపక్కల పల్లెల నుండి ఈ రోగులను ఇప్పటికీ యునానీ దవాఖానాకు తీసుకొస్తూనే ఉన్నారు. కొందరు అదే రోజు వస్తారు, చాలామంది మూడో రోజో వారానికో వస్తారు. ఆసుపత్రికి వెళ్ళారా అని అడిగితే "ముందు మీకు చూపించి పోదామని వచ్చాం" అంటారు. వాళ్ళ నమ్మకానికి సంతోషమే. అయితే ఆ నమ్మకం వల్లనే కాలూ చెయ్యీ పోగొట్టుకున్న వాళ్ళున్నారు. ఇంత ఆలస్యం ఎందుకు జరుగుతుందో ఈ వారం చూద్దాం.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మెదడుకు రక్తం అందించే నాళంలో గడ్డ అడ్డుపడితే, ఆ నాళం మీద ఆధారపడిన భాగం చచ్చుబడుతుంది. ఎక్కువ మందిలో జరిగేది ఇదే. మిగిలిన వారిలో నాళం చిట్లి రక్తం లోపలే కారుతుంది. మెదడు ఎడమ భాగం దెబ్బతింటే కుడి కాలు, కుడి చెయ్యి పడిపోతాయి, మాట కూడా పోవచ్చు. కుడి భాగం దెబ్బతింటే ఎడమ వైపు పడిపోతుంది. పెద్ద నాళం ఒకటి మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని 2006లో అమెరికా వైద్యుడు జెఫ్రీ సేవర్ లెక్కకట్టి చూపించాడు. మనం ఒక గ్లాసు చాయ్ తాగి లేచేలోపు ఎన్ని పోతాయో మీరే లెక్క వేసుకోండి.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లోపు ఇస్తే పని చేస్తుందని 1995లో తేలింది. ఆ గడువు 4.5 గంటల దాకా ఉందని 2008లో రుజువైంది. 2015 తర్వాత తొడ దగ్గరి నాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి కూడా స్థిరపడింది. స్కాన్‌లో మెదడు ఇంకా బతికే ఉందని కనిపించిన కొందరికి దీన్ని 24 గంటల లోపు కూడా చేయవచ్చని 2018లో తెలిసింది. కానీ రక్తం కారుతున్న రోగికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణమే పోతుంది. కాబట్టి ముందు సీటీ స్కాన్ తీసి ఏ రకమో చూడాలి. నలభై ఏళ్ళుగా నబ్జ్ చూస్తున్నాను. గడ్డా, రక్తస్రావమా అన్నది నాడి పట్టి చెప్పడం నాకే కాదు, ఏ హకీంకూ సాధ్యం కాదు.

ఇప్పుడు మన తాలూకా దూరాలు చూడండి. పావగడ నుండి తుమకూరు సుమారు 100 కిలోమీటర్లు, బెంగళూరు 150కి పైనే. బెంగళూరు చేరడానికి మూడు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో స్కాన్‌కూ రక్త పరీక్షలకూ ఇంకో గంట పోతుంది. నాలుగున్నర గంటల్లో మనకు ఇంట్లో మిగిలేది అరగంట. ఏం జరిగిందో గుర్తించడం, అందరినీ పిలవడం, బండి మాట్లాడటం అన్నీ ఆ అరగంటలోనే జరగాలి.

ఇంట్లో ఏం జరుగుతుంది?

పోయిన కొన్నేళ్ళలో రంజాన్ నెలలో నా దగ్గరకు వచ్చిన ఒక కేసు చెబుతాను. ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. సహరీకి రొట్టెలు చేస్తుంటే ఒకామె చేతిలోంచి కర్ర జారిపడింది. మాట కొంచెం ముద్దగా వచ్చింది. భర్త "నిద్ర చాల్లేదు, కాసేపు పడుకో" అన్నాడు. ఫజర్ నమాజు తర్వాత లేచి చూస్తే కాలు కూడా ఈడుస్తోంది. కోడలికి అనుమానం వచ్చింది గానీ మామ ముందు నోరు విప్పలేదు. ఉపవాసం వల్ల నీరసమేమో, షుగరు తగ్గిందేమో అని కాసేపు చూశారు. పక్కింటి ఖాలా వచ్చి నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు దిగదీసింది. తొమ్మిదింటికి బెంగళూరులో ఉన్న కొడుక్కి ఫోన్ చేశారు. "నేను బయల్దేరుతున్నా, వచ్చేదాకా ఎక్కడికీ తీసుకుపోవద్దు" అన్నాడు. ఈలోగా ఊళ్ళో సూది వేసే ఆయన వచ్చి గ్లూకోజు బాటిలు ఎక్కించాడు. కొడుకు వచ్చేసరికి జొహర్ దాటింది. అంతా మాట్లాడుకొని సాయంత్రం అసర్ వేళకు నా దగ్గరకు తీసుకొచ్చారు. నేను ఆమెను బండి దించనివ్వలేదు, ఆ బండిలోనే ఆసుపత్రికి పంపాను. అల్లాహ్ దయవల్ల ఆమె బతికింది. కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ పని చేయదు.

ఈ పన్నెండు గంటల్లో ఆ ఇంట్లో ఒక్కరు కూడా ఊరికే కూర్చోలేదు. ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. ఆలస్యం అంటే జనం పట్టించుకోకపోవడం అని పత్రికల్లో రాస్తుంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. ఇంటిల్లిపాదీ ఆమె కోసమే తిరిగారు, కాకపోతే ఒక్క అడుగు కూడా సీటీ స్కాన్ వైపు పడలేదు. ఇంకో సంగతి. కొడుకు బెంగళూరు నుండి పావగడ వచ్చిన ఆ సమయంలోనే తల్లి పావగడ నుండి బెంగళూరు చేరి ఉండవచ్చు. అతను అక్కడే ఉండి ఆసుపత్రి గుమ్మంలో ఎదురు చూసి ఉంటే సరిపోయేది. వేరుశనగ పండక, బోర్లు ఎండిపోయి మన పిల్లలు సగం మంది బెంగళూరులోనే ఉన్నారు కాబట్టి ఈ మాట ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

నొప్పి లేని జబ్బు

గుండెపోటు వస్తే మనిషి రొమ్ము పట్టుకొని కేకలు పెడతాడు, చుట్టూ ఉన్నవాళ్ళు పరుగెత్తుతారు. పక్షవాతంలో చాలామందికి నొప్పే ఉండదు. తిమ్మిరి పట్టినట్టు, చెయ్యి మొద్దుబారినట్టు అనిపిస్తుంది. నొప్పి లేనిదాన్ని మనం పెద్ద జబ్బుగా లెక్కించం. "చెయ్యి కింద పెట్టి పడుకున్నావేమో, రుద్దుకో" అంటాం.

అంతకన్నా మోసం ఇంకొకటుంది. మెదడు కుడి భాగం దెబ్బతిన్న కొందరు రోగులకు తమ ఎడమ చెయ్యి పడిపోయిన సంగతి తెలియనే తెలియదు. చెయ్యి ఎత్తమంటే ఎత్తానంటారు. "నాకేమీ కాలేదు, ఎందుకు హడావిడి చేస్తారు" అని కసురుకుంటారు. అది మొండితనం కాదు, ధైర్యమూ కాదు. తన శరీరాన్ని తాను గమనించుకునే భాగమే మెదడులో దెబ్బతింది. ఎడమ భాగం దెబ్బతిన్నవాళ్ళకు తెలిసినా చెప్పడానికి మాట రాదు. అందుకే ఈ ఒక్క జబ్బులో మాత్రం వెళ్దామా వద్దా అన్నది రోగిని అడగకండి. అబ్బాజాన్ ఇంటి పెద్ద అయినా సరే, ఆ రోజు ఆయన మాట చెల్లకూడదు.

పెద్దవాళ్ళను కదిలించడానికి మనకు జంకు. పడుకున్న మనిషి ఎంతసేపటికీ లేవకపోయినా "అలసిపోయారు, లేపకండి" అంటాం. 1953 మార్చి 1న రష్యా అధినేత స్టాలిన్‌కు మెదడులో రక్తస్రావమైంది. పిలవకుండా ఆయన గదిలోకి వెళ్ళడానికి కాపలావాళ్ళు భయపడ్డారు. రాత్రి పొద్దుపోయాక గానీ లోపలికి వెళ్ళలేదు. డాక్టర్లు వచ్చేసరికి మరుసటి రోజు ఉదయమైంది. మార్చి 5న ఆయన చనిపోయాడు. అంతటివాడికీ అదే గతి పట్టింది. మన ఇంట్లో మామగారి గది తలుపు తట్టడానికి కోడలు వెనకాడిందంటే ఆశ్చర్యం ఏముంది?

ఇక వచ్చి పోయే పక్షవాతం. పది నిమిషాలు మూతి వంకరపోతుంది, మాట తడబడుతుంది, మళ్ళీ మామూలవుతుంది. ఇంట్లో అందరూ షుక్ర్ చెప్పుకొని ఊరుకుంటారు. గడ్డ కాసేపు అడ్డుపడి తనంతట తాను కదిలిపోయిందన్నమాట. చికిత్స లేకుండా వదిలేస్తే ఇలాంటి వారిలో నూటికి సుమారు పదిమందికి మూడు నెలల్లోపు అసలు దెబ్బ తగులుతుంది. ఆ పదిమందిలో సగం మందికి మొదటి రెండు రోజుల్లోనే. తగ్గిపోయింది కదా అని ఇంట్లో ఉండిపోవడానికి లేదు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

మూతి వంకర గురించి ఒక మాట. మన తిబ్‌లో లఖ్వా అని వేరే జబ్బు ఉంది. అందులో ముఖానికి వచ్చే నరం మాత్రమే దెబ్బతింటుంది, కాళ్ళు చేతులు బాగానే ఉంటాయి. నుదురు కూడా ముడుచుకోదు, ఆ వైపు కన్ను మూతపడదు. చల్లగాలి తగిలి వచ్చిందని, అడవి పావురం రక్తం పూస్తే పోతుందని మనవాళ్ళ నమ్మకం. లఖ్వా చాలామందిలో కొన్ని వారాలకు దానంతటదే నయమవుతుంది కాబట్టి పేరు పావురానికి వచ్చింది. దాన్ని చూసి ఫాలిజ్‌కు కూడా పావురాన్నే వెతుకుతారు. రెండింటిలో ఏదో తేల్చే పని ఇంట్లో పెట్టుకోకండి. మూతి హఠాత్తుగా వంకరపోతే పక్షవాతమే అనుకొని బయల్దేరండి. లఖ్వా అని తేలితే నష్టమేమీ లేదు, నవ్వుకుంటూ తిరిగి రావచ్చు.

నజర్, గాలి, జిన్నాతు అనేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. దుఆ చేయండి, ఖుర్ఆన్ చదివి ఊదండి, బండిలో కూర్చొని దారి పొడవునా చేయండి. వైద్యం చేయించుకోమని మన ప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. రోగికి ఉపవాసం నుండి మినహాయింపు కూడా ఉంది. మందు వేయడానికి మగ్రిబ్ దాకా ఆగనక్కరలేదు.

మా గ్రంథాల్లోని వారం రోజులు

ఆలస్యానికి కారణాలు చెబుతూ మా వైద్యాన్ని వదిలేస్తే న్యాయం కాదు. ఫాలిజ్ వస్తే మొదటి కొన్ని రోజులు ఏ మందూ వేయకూడదని పల్లెల్లో పెద్దలు అంటుంటారు. ఇది గాలిలోంచి పుట్టిన మాట కాదు. ఫాలిజ్ చల్లని, తడి గుణం గల బల్గమ్ వల్ల వస్తుందని యునానీ సిద్ధాంతం. అందుకని మొదటి నాలుగు రోజులు, జబ్బు గట్టిదైతే ఏడు రోజుల దాకా, బలమైన మందులు ఇవ్వకుండా మాఉల్ అసల్ అంటే తేనె కలిపి కాచిన నీరు మాత్రమే ఇవ్వాలని పాత హకీములు చెప్పారు. ఆ తర్వాతే మున్‌జిజ్‌తో దోషాన్ని పక్వం చేసి, ముస్‌హిల్‌తో విరేచనం ద్వారా బయటికి పంపేవారు. 1037లో కన్నుమూసిన ఇబ్నె సీనా కాలంలో తల లోపల చూసే సాధనం లేదు, గడ్డను కరిగించే మందు లేదు. ఏమీ చేయలేని వేళ రోగిని మరింత నీరసపరచకుండా ఆగడమే తెలివైన పని. అది ఆ కాలపు జాగ్రత్త. చేయగలిగింది ఉన్న ఈ కాలంలో దాన్ని పట్టుకొని వారం రోజులు కూర్చోవడం ఆ మహానుభావుల మాట వినడం అనిపించుకోదు.

తేనెనీళ్ళు కూడా మొదటి రోజు పొయ్యకండి. పక్షవాతం వచ్చిన చాలామందికి మింగే శక్తి దెబ్బతింటుంది. నోట్లో పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పక్షవాతం తట్టుకున్న మనిషి దానితో పోయిన సందర్భాలు ఉన్నాయి. జమ్‌జమ్ అయినా అంతే, కావాలంటే పెదవులు తడపండి.

హిజామా సంగతీ చెప్పాలి. చెయ్యి పడిపోయిన గంటలోనే గాట్లు పెట్టి రక్తం తీయించుకొని ఆసుపత్రికి పోయేవాళ్ళు ఉన్నారు. అక్కడ గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తే ఆ గాట్ల నుండి రక్తం ఆగడం కష్టమవుతుంది. హిజామా చేసే మిత్రులు కూడా ఇది గమనించాలని మనవి. "ఇంగ్లీషు సూది పడితే నాటు మందు పట్టదు" అని చెప్పి రోగిని ఆసుపత్రికి పోనివ్వకుండా ఆపేవాళ్ళ మీద నాకు కోపం దాచుకోవాలని లేదు. అది వ్యాపారం.

ఇది మన ఊరి జబ్బు మాత్రమే కాదు. పంజాబులోని లూథియానాలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఆలస్యానికి మూడు ప్రధాన కారణాలు తేలాయి. ఆసుపత్రి దూరం, ముందు దగ్గరలోని డాక్టరుకు చూపించడం, లక్షణాలను తేలిగ్గా తీసుకోవడం. మూడూ మన తాలూకాకు కొలిచి కుట్టినట్టు సరిపోతాయి.

ఏం చేయాలి?

ఇంగ్లండులో 1998లో మొదలైన ఒక తేలిక పరీక్ష ఉంది. చదువురాని వాళ్ళు కూడా చేయవచ్చు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు పోతోందా చూడండి. కళ్ళు మూయించి రెండు చేతులు ముందుకు చాపమనండి, ఒకటి కిందికి జారుతోందా చూడండి. "నిన్న సంతకు పోయి వచ్చాను" లాంటి ఒక మాట చెప్పమనండి, తడబడుతోందా వినండి. మూడింటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా ఇక మాటలు వద్దు. హఠాత్తుగా ఒక కన్ను కనబడకపోయినా, నడక తూలినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చినా అంతే.

చివరిసారి మనిషి బాగా ఉన్నది ఎప్పుడో గుర్తు పెట్టుకోండి. ఆసుపత్రిలో మొదట అడిగేది అదే. గడియారం చూడకపోతే నమాజు లెక్కన చెప్పండి. ఇషా చదివి పడుకున్నప్పుడు బాగున్నారు, ఫజర్‌కు లేచేసరికి ఇలా ఉంది అంటే ఇషా వేళే లెక్కకు వస్తుంది.

108కు ఫోన్ చేయండి. ఆ సేవ ఆంధ్రలో 2005 ఆగస్టు 15న, మన కర్ణాటకలో 2008 నవంబరు 1న మొదలైంది. మన తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే కాబట్టి ఊరు, తాలూకా, జిల్లా పేర్లు స్పష్టంగా చెప్పండి. బండి ఆలస్యమయ్యేటట్టు ఉంటే దొరికిన కారులో బయల్దేరండి. రోగిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, కట్టుడు పళ్ళుంటే తీసేయండి. నోట్లో ఏమీ వేయకండి. ఆస్పిరిన్ వద్దు, రక్తం కారే రకం అయితే ప్రమాదం. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టడం మరీ ప్రమాదం. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు అందే ఆ కాస్త రక్తమూ ఆగిపోతుంది. ఇంట్లో షుగరు చూసే మిషను ఉంటే ఒక్క నిమిషంలో చూడండి, ఎందుకంటే షుగరు బాగా తగ్గినా అచ్చం పక్షవాతంలాగే కనబడుతుంది. మిషను కోసం మాత్రం పక్క వీధికి వెతుక్కుంటూ పోవద్దు.

ఎక్కడికి వెళ్ళాలన్నది ఆ రోజు ఆలోచించే విషయం కాదు, ఈ వారమే కనుక్కోండి. తుమకూరు, హిందూపురం, అనంతపురం, ఏదైనా సరే, రాత్రిపూట కూడా సీటీ స్కాన్ తీసి ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆసుపత్రి ఏదో అడిగి ఫోన్ నంబరు గోడ మీద రాసుకోండి. బెంగళూరులో నిమ్హాన్స్ అత్యవసర విభాగం రాత్రింబవళ్ళు తెరిచే ఉంటుంది. స్కాన్ లేని చోట ఆగితే అక్కడ పోయే గంట తిరిగి రాదు. డబ్బు కోసం ఎవరెవరినో అడుగుతూ కూర్చోవడం వల్ల కూడా ఆలస్యమవుతుంది. బీపీఎల్ రేషన్ కార్డున్న కుటుంబానికి ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం ఉంది. ఏ ఆసుపత్రిలో, ఏ పద్ధతిలో వర్తిస్తుందో ముందే అడిగి పెట్టుకోండి. రేషన్ కార్డు, ఆధారు, వాడుతున్న మాత్రలు ఒకే సంచిలో ఉంచండి. మగవాళ్ళు ఊళ్ళో లేనప్పుడు కూడా ఆడవాళ్ళు నిర్ణయం తీసుకొని బయల్దేరవచ్చని ఇంటి పెద్దలు ఇప్పుడే చెప్పి ఉంచాలి.

నాలుగున్నర గంటలు దాటిపోయాయని ఆగిపోకండి. గొట్టంతో గడ్డ తీసే అవకాశం కొందరికి ఇంకా ఉంటుంది. అది లేకపోయినా మింగడం, ఊపిరి, బీపీ, షుగరు చూసుకుంటూ రెండో దెబ్బ రాకుండా కాపాడేది ఆసుపత్రే.

ఇక మా దగ్గరకు ఎప్పుడు రావాలి? ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చి, రోగి నిలకడగా ఉన్నారని డాక్టరు చెప్పిన తర్వాత. అప్పుడు దలక్ అంటే మర్దనం, రోగన్ బాబూనా, రోగన్ ఖుస్త్ లాంటి తైలాలు, రియాజత్ అంటే వ్యాయామం, వీటితో బిగుసుకున్న కీళ్ళకు సాయం చేయవచ్చు. ఫిజియోథెరపీతో పాటే చేయాలి, దానికి బదులుగా కాదు. బెంగళూరు మాగడి రోడ్డులోని కొట్టిగెపాళ్యలో ఉన్న జాతీయ యునానీ వైద్య సంస్థలో కూడా ఈ చికిత్సలు దొరుకుతాయి. రక్తం పలుచబడే మాత్రలు, బీపీ మాత్రలు మాత్రం మా మందు మొదలుపెట్టామని ఆపకూడదు. వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితాలు, స్కాన్ ఫిల్ములు, వాడుతున్న మాత్రల పట్టీలు వెంట తెచ్చుకోగలరు. అవి లేకుండా నేను మాజూన్ రాసివ్వను.